ఖాళీ గడిని ఎవరు నింపుతారు?



ఒక కిరాణా దుకాణం వాళ్లు సరుకులు ఇంటికి పంపే ఏర్పాటు మొదలుపెట్టారనుకోండి. కౌంటరు పక్కన గోడకు ఒక కాగితం అంటించారు. అందులో మూడే మూడు వాక్యాలు. బిల్లు 1000 రూపాయలు దాటితే డెలివరీ ఉచితం. మా సభ్యత్వ కార్డు ఉన్నవాళ్లకు డెలివరీ ఉచితం. ఊరి బయటికి పంపాలంటే 50 రూపాయలు.

యజమాని చదివి బాగుందన్నాడు. గుమాస్తా చదివి బాగుందన్నాడు. బిల్లింగ్ ప్రోగ్రాం రాసే కుర్రాడు కూడా చదివి తల ఊపాడు. వాళ్లను తప్పుపట్టలేం. ఏ వాక్యానికి ఆ వాక్యం స్పష్టంగానే ఉంది. అయినా ఈ చిన్న కాగితంలో మూడు తగాదాలున్నాయి, ఒక పెద్ద ఖాళీ ఉంది. ఎన్నిసార్లు చదివినా అవి కంటికి దొరకవు. ఎందుకంటే అవి వాక్యాల్లో లేవు, వాక్యాల మధ్య ఉన్నాయి. వాటిని లెక్కపెట్టి పట్టుకోవాలి. ఆ లెక్క ఎలాగో, అది వేయకపోతే ఏమవుతుందో ఈ పూట మాట్లాడుకుందాం. దగ్గర్లో ఒక కాగితం, పెన్ను ఉంటే తీసుకోండి.

ముందు వాక్యాలను పక్కన పెట్టి, వాటిలో దాగిన ప్రశ్నలు తీద్దాం. మూడున్నాయి. బిల్లు 1000 దాటిందా? కార్డు ఉందా? ఇల్లు ఊరి బయట ఉందా? ఒక్కో ప్రశ్నకు జవాబు అవును, లేదా కాదు. రెండు జవాబుల ప్రశ్నలు మూడు కాబట్టి రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది. అంటే ఆ దుకాణం గడప తొక్కేవాళ్లు ఎవరైనా సరే, ఈ ఎనిమిది రకాల్లో ఏదో ఒక రకం వాళ్లే అవుతారు. తొమ్మిదో రకం లేదు.

ఆ ఎనిమిదింటినీ ఒక్కటీ జారిపోకుండా రాయడం ఎలా? మనసుకు తోచిన వరుసలో రాస్తే తోచినవే వస్తాయి. మనం వెతుకుతున్నది తోచనివాటిని. కాబట్టి బుర్ర మీద ఆధారపడని ఒక వరుస కావాలి. అలాంటిది మనకు ఎప్పటినుంచో ఉంది. బడిలో ఛందస్సు చదువుకున్నవాళ్లకు గురువు, లఘువు గుర్తుండే ఉంటాయి. మూడక్షరాల గణాలు ఎన్ని? ఎనిమిది. ఎనిమిదే ఎందుకు? ఒక్కో అక్షరం గురువో లఘువో అవుతుంది, అక్షరాలు మూడు, కాబట్టి ఎనిమిది. మన దుకాణం లెక్కా సరిగ్గా అదే. పింగళుడి ఛందశ్శాస్త్రం నాటినుంచీ లాక్షణికులు ఈ గణాలను వరుసగా పరిచే పద్ధతిని ప్రస్తారం అంటున్నారు. మొదటి వరుసలో అన్నీ గురువులే. ఆ తర్వాత ప్రతి వరుసకూ ఒకటే సూత్రం: పై వరుసలో ఎడమనుంచి మొదట కనపడ్డ గురువు కింద లఘువు రాయి, దానికి కుడివైపున్నవి ఉన్నవున్నట్టు దించు, ఎడమవైపు ఖాళీలుంటే గురువులతో నింపు. అన్నీ లఘువులయ్యేదాకా ఇలా సాగితే మ, య, ర, స, త, జ, భ, న గణాలు ఆ వరుసలోనే వస్తాయి. ఒక్కటి తప్పిపోదు, ఒక్కటి రెండుసార్లు రాదు.

ఇప్పుడు 'అవును' అనే జవాబును గురువనుకుందాం, 'కాదు' అనే జవాబును లఘువనుకుందాం. మొదటి అక్షరం బిల్లు, రెండోది కార్డు, మూడోది ఊరి బయట.

మగణం: మూడూ అవును. బిల్లు 1000 దాటింది, కార్డుంది, ఇల్లు ఊరి బయట. మొదటి వాక్యం ఉచితమంటుంది, రెండోదీ ఉచితమంటుంది, మూడోది 50 తీసుకోమంటుంది. తగాదా. యగణం: బిల్లు చిన్నది, కార్డుంది, ఊరి బయట. ఇదీ తగాదానే. రగణం: బిల్లు పెద్దది, కార్డు లేదు, ఊరి బయట. మూడో తగాదా. సగణం: ఊరి బయట ఇల్లు తప్ప మరేమీ లేదు. 50 రూపాయలు, పేచీ లేదు. తగణం, జగణం, భగణం: ముగ్గురూ ఊళ్లోవాళ్లే. ఒకరికి రెండు అర్హతలూ ఉన్నాయి, మిగతా ఇద్దరికీ చెరొకటి. ముగ్గురికీ ఉచితం, పేచీ లేదు. ఇక చివరిది నగణం. మూడూ లఘువులే. బిల్లు 1000 దాటలేదు, కార్డు లేదు, ఇల్లు ఊళ్లోనే. ఇతని దగ్గర ఎంత తీసుకోవాలి? కాగితం మళ్లీ చదవండి. ఒక్క మాట లేదు.

ఆ నగణం మనిషి ఎవరో గమనించారా? వీధి చివర ఇల్లు, నాలుగైదు వందల సరుకు, కార్డు గీర్డు ఏమీ లేదు. ఏ కిరాణా దుకాణానికైనా ఎక్కువగా వచ్చేది అతనే. మూడు వాక్యాలూ ప్రత్యేకమైనవాళ్ల గురించి మాట్లాడి, మామూలు మనిషిని వదిలేశాయి. నిబంధనల్లో తరచూ జరిగేది ఇదే. రాసేవాడి దృష్టి రాయితీల మీద, మినహాయింపుల మీద ఉంటుంది. మామూలు సంగతి 'అందరికీ తెలిసిందేగా' అన్న ధీమాలో కాగితం మీదికే రాదు.

ఇంకో చిన్న లెక్క. మొదటి వాక్యం ఒక్క ప్రశ్ననే పట్టించుకుంది. మిగతా రెండింటికి జవాబు ఏదైనా ఫర్వాలేదంది. కాబట్టి అది నాలుగు వరుసల మీద పరుచుకుంటుంది. రెండోదీ నాలుగు, మూడోదీ నాలుగు. మొత్తం పన్నెండు. ఉన్నవేమో ఎనిమిదే. పన్నెండు పరిచినా ఒకటి ఖాళీగా మిగిలింది! నిబంధనలు ఎన్ని ఎక్కువుంటే అంత పకడ్బందీ అనుకుంటాం. కాదు. ఒకచోట మూడు పొరలు పడి, పక్కన నేల బయటపడే ఉండవచ్చు.

ఆ తగాదాలనూ ఖాళీనీ యజమాని తేల్చాడనుకోండి. దీన్నే సరిగ్గా రాస్తే ఎలా ఉంటుంది? ఊరి బయటికైతే, మరేదీ చూడకుండా, 50. ఊళ్లో, కార్డుంటే ఉచితం. ఊళ్లో, కార్డు లేకపోయినా బిల్లు 1000 దాటితే ఉచితం. ఊళ్లో, కార్డూ లేక బిల్లూ దాటకపోతే 30. మొదటి వాక్యం నాలుగు వరుసలు, రెండోది రెండు, మూడోది ఒకటి, నాలుగోది ఒకటి. కూడితే ఎనిమిది. అయితే కూడిక సరిపోవడం ఒక్కటే చాలదు. ఒకచోట రెండు పొరలు పడి, మరోచోట ఖాళీ ఉన్నా మొత్తం ఎనిమిదే రావచ్చు. అందుకని ఏ రెండు వాక్యాలు తీసుకున్నా ఒకే మనిషికి రెండూ వర్తించకూడదని కూడా చూడాలి. ఈ రెండూ నిలిస్తే ఇక ఖాళీ ఉండే వీలు లేదు.

ఇలా వరుసలుగా పరిచిన పట్టికను సాఫ్ట్‌వేర్ వాళ్లు డెసిషన్ టేబుల్ అంటారు. 1950ల చివర్లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ లాంటి కంపెనీలు దీన్ని వాడకంలోకి తెచ్చాయి. ఇలాంటి పట్టికలు రాయడానికి పద్ధతులు, ప్రమాణాలు అప్పటినుంచీ వస్తూనే ఉన్నాయి. 2015లో వెలువడిన డీఎంఎన్ అనే ప్రమాణంలో, ఒకే కేసుకు రెండు వరుసలు వర్తిస్తే ఏం చేయాలో పట్టిక తలమీదే రాసే ఏర్పాటు ఉంది. అసలు అలా వర్తించనే కూడదని రాయవచ్చు. లేదా పైన ఉన్న వరుసదే మాట అని రాయవచ్చు. రెండో దారి సులువుగా కనిపిస్తుంది గాని, అందులో ఒక మెలిక ఉంది. రేపెవరో చూడ్డానికి బాగుంటుందని వరుసలు అటూ ఇటూ మారిస్తే, ఒక్క అక్షరం మారకుండానే నిబంధన మారిపోతుంది.

సరే, ఖాళీ ఉంటే ఏమవుతుంది? నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే. నిబంధనలో ఖాళీ గడి ఖాళీగా ఉండిపోదు. ఎవరో ఒకరు దాన్ని నింపుతారు. మన దుకాణంలో డెలివరీ కుర్రాడు నింపుతాడు. ఒకరోజు ఊరికే ఇస్తాడు, ఇంకోరోజు 20 తీసుకుంటాడు. తెలిసినవాళ్లకు ఒక రేటు, తెలియనివాళ్లకు ఒక రేటు. మనుషులైతే ఇలా ఏదో ఒకటి చేసి గట్టెక్కుతారు. మరి ఖాళీని యంత్రం నింపాల్సి వస్తే?

2008 డిసెంబరు 31న అదే జరిగింది. మైక్రోసాఫ్ట్ కంపెనీ పాటలు వినడానికి జూన్ అనే చిన్న పరికరం అమ్మేది. అందులో 30 గిగాబైట్ల మోడల్ ఆ రోజు ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. ఒకరిది ఇద్దరిది కాదు, ఆ మోడల్ వాడుతున్నవాళ్లందరికీ అదే గతి. కారణం గడియారానికి సంబంధించిన చిన్న ప్రోగ్రాం. 1980 నుంచి ఎన్ని రోజులు గడిచాయో తీసుకుని, ఇప్పుడు ఏ సంవత్సరమో తేల్చడం దాని పని. అది చేసేదేమిటంటే, మిగిలిన రోజులు 365 కంటే ఎక్కువ ఉన్నంతవరకూ తిరుగుతూ ఉంటుంది. లీపు సంవత్సరం కాకపోతే 365 తీసేసి ముందుకు పోతుంది. లీపు సంవత్సరమైతే, రోజులు 366 కంటే ఎక్కువున్నాయా అని చూసి, ఉంటే 366 తీసేసి ముందుకు పోతుంది. 2008 లీపు సంవత్సరం. డిసెంబరు 31 అందులో 366వ రోజు. 365 కంటే ఎక్కువా? అవును. లీపు సంవత్సరమా? అవును. 366 కంటే ఎక్కువా? కాదు. అప్పుడేం చేయాలి? ఎవరూ చెప్పలేదు. యంత్రం ఏమీ తీసెయ్యలేదు, బయటికీ రాలేదు. అదే చోట అదే ప్రశ్న వేసుకుంటూ తిరుగుతూ ఉండిపోయింది. చివరికి కంపెనీ ఇచ్చిన సలహా ఏమిటంటే బ్యాటరీ పూర్తిగా అయిపోనివ్వండి, జనవరి 1న గ్రీనిచ్ కాలమానం ప్రకారం మధ్యాహ్నం దాటాక ఛార్జింగ్ పెట్టి ఆన్ చేయండి అని. మూడు ప్రశ్నల పట్టిక గీసుకుంటే నిమిషాల్లో బయటపడే గడి అది.

యంత్రం సంగతి అలా ఉంచి, మనుషుల ఆస్తులు ముడిపడిన ఒక నిబంధన చూద్దాం. ఇది వ్యాపారం కాదు, చట్టం. కానీ తర్కం ఒకటే. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికి పుట్టుకతో హక్కు కల్పిస్తూ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో ఒక ప్రశ్న సూటిగా వేశారు: ఆ తేదీకి ముందే కూతురికి పెళ్లయిందా? అయితే ఈ హక్కు వర్తించదు. అది న్యాయమా కాదా అని వాదించుకోవచ్చు గాని, ఆ గడి మాత్రం ఖాళీగా లేదు. తర్వాత కేంద్రం 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటికీ ఇలాంటి హక్కు తెచ్చింది. పెళ్లి ప్రశ్న అందులో లేదు. అయితే ఇంకో ప్రశ్న వచ్చిపడింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా, అక్కర్లేదా? కూతురు ఉంది, తండ్రి అంతకుముందే పోయాడు, ఆస్తి ఇంకా పంపకాలు కాలేదు. ఈ కూతురి మాటేమిటి? చట్టంలో దీనికి సూటి జవాబు లేదు.

ఆ గడిని నింపే పని కోర్టులకు పడింది. 2015లో ఫూలవతి కేసులో, ఆ తేదీకి తండ్రీ కూతురూ ఇద్దరూ బతికి ఉండాలని సుప్రీంకోర్టు అంది. 2018లో దానమ్మ కేసులో, 2001లోనే తండ్రి పోయిన కూతుళ్లకు అదే సుప్రీంకోర్టు వాటా ఇచ్చింది. రెండు తీర్పులూ ఇద్దరేసి న్యాయమూర్తులవి. ఏది పట్టుకోవాలో కింది కోర్టులకు పాలుపోని స్థితి. చివరికి 2020 ఆగస్టు 11న, వినీతా శర్మ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, తండ్రి ఆ తేదీకి బతికి ఉండనక్కర్లేదని తేల్చింది. ఆ ఒక్క గడి నిండడానికి దాదాపు పదిహేనేళ్లు పట్టింది. ఈలోగా ఎన్ని కుటుంబాల్లో అన్నాచెల్లెళ్లు కోర్టు మెట్లెక్కి ఉంటారో ఊహించుకోండి.

కాబట్టి గడులు ముందే వెతకడం చాదస్తం కాదు. ప్రాణాల మీదికి వచ్చే చోట దీన్ని పట్టుబట్టి చేశారు. అమెరికా నౌకాదళం ఏ-7 యుద్ధవిమానం సాఫ్ట్‌వేర్ ఎలా నడవాలో 1978లో పట్టికల రూపంలో రాశారు. ఆ ఆలోచన వెనకున్న డేవిడ్ పార్నస్ అనే శాస్త్రవేత్త, తర్వాత కెనడాలోని డార్లింగ్టన్ అణు విద్యుత్ కేంద్రం విషయంలోనూ సలహా ఇచ్చాడు. ప్రమాదం వస్తే రియాక్టరును ఆపే పనిని అక్కడ సాఫ్ట్‌వేర్ చేతుల్లో పెట్టారు. అది ఏం చేయాలో ఒక పట్టిక, రాసిన ప్రోగ్రాం నిజంగా ఏం చేస్తోందో ఇంకో పట్టిక తయారుచేసి, రెండింటినీ పోల్చి చూశారు. ప్రోగ్రాం చదివి 'బాగానే ఉంది' అంటే అక్కడ చెల్లలేదు.

ఇక మన స్థాయిలో, ఆఫీసులో, దుకాణంలో, సంఘంలో ఈ పని చేసేటప్పుడు తగిలే చిక్కులు నాలుగున్నాయి.

ఒకటి, సరిహద్దు. 1000 దాటితే ఉచితం, 1000 లోపైతే 30 అని రాశారనుకోండి. సరిగ్గా 1000 అయితే? జూన్ పరికరం పడిపోయింది ఇలాంటి అంచు మీదే. అంకె కనపడ్డ ప్రతిచోటా మూడు ప్రశ్నలు వేయాలి: అంతకంటే తక్కువైతే, సరిగ్గా అంతే అయితే, అంతకంటే ఎక్కువైతే.

రెండు, జరగని గడులు. లీపు సంవత్సరాన్నే తీసుకోండి. సంవత్సరం నాలుగుతో భాగించబడుతుందా, 100తోనా, 400తోనా అని మూడు ప్రశ్నలు. గడులు ఎనిమిదే, కానీ నిజంగా జరిగేవి నాలుగే. 400తో భాగించబడి నాలుగుతో భాగించబడని అంకె ఉండదు కదా. అలాంటి గడుల్లో 'జరగదు' అని రాయాలి, ఖాళీగా వదలకూడదు. లేకపోతే చూసేవాడికి అది జరగనిదో, మీరు మరిచిపోయిందో తెలియదు. అయితే 'జరగదు' అనే ముందు ఒక్క క్షణం ఆగండి. గణితం ఒప్పుకోనిది జరగదు. చట్టం ఒప్పుకోనిది మాత్రం జరుగుతుంది. పెళ్లయింది, వయసు పదహారు. దరఖాస్తు ఫారంలో ఆ గడిని మూసేస్తే, ఆ పిల్ల వయసు పెంచి రాయించుకోవడమే మిగులుతుంది.

మూడు, అవునూ కాదూ కాని జవాబు. కార్డుందా అంటే 'ఉంది, ఇంట్లో మరిచిపోయాను' అంటాడు ఒకాయన. ఫారంలో ఆ గడి ఖాళీగా వదిలేస్తాడు ఇంకొకాయన. 'తెలియదు' అనేది 'కాదు' కిందికి వస్తుందా, 'అవును' కిందికి వస్తుందా, లేక దానికి వేరే దారి ఉందా? ప్రతి ప్రశ్నకూ మూడో జవాబు చేరిస్తే మన ఎనిమిది వరుసలు 27 అవుతాయి.

నాలుగోది అన్నింటికంటే పెద్దది. ప్రశ్నలు పెరిగేకొద్దీ పట్టిక పెరుగుతూ పోయి చేతుల్లో ఇమడదు. మళ్లీ ఛందస్సుకే వెళదాం. ఉత్పలమాలకు పాదానికి 20 అక్షరాలు. 20 అక్షరాల్లో గురులఘువులు ఎన్ని రకాలుగా కూర్చవచ్చు? 10,48,576 రకాలుగా. ప్రస్తారంలో మన ఉత్పలమాల 3,55,799వది. ఆ పది లక్షల పైచిలుకూ వరుసగా రాసుకుని చూడకుండానే దాని స్థానాన్ని లెక్కకట్టే పద్ధతి కూడా లాక్షణికులు ఇచ్చారు. 20 ప్రశ్నలున్న బీమా నిబంధనకూ, రుణ నిబంధనకూ ఇదే కష్టం, ఇలాంటిదే ఉపాయం. పెద్ద పట్టికను చిన్నవిగా విడగొట్టాలి. అర్హత ఉందా అన్నది ఒక పట్టిక, ఎంత ఇవ్వాలన్నది ఇంకొకటి, ఎవరు ఆమోదించాలన్నది మరొకటి. నాలుగేసి ప్రశ్నల పట్టికలు ఐదైతే మొత్తం 80 వరుసలు. ఒక్క పూటలో కూర్చుని చూడవచ్చు. ఇక తయారైన ప్రోగ్రాంను పరీక్షించేవాళ్లకు ఇంకో వెసులుబాటు ఉంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ పరిశోధకులు సాఫ్ట్‌వేర్ వైఫల్యాలను పరిశీలించి చూస్తే, చాలామటుకు ఒక్క షరతువల్లో, రెండు షరతులు కలవడంవల్లో వచ్చినవే. వాళ్లు చూసినవాటిలో ఆరు షరతులు దాటి కలిస్తేనే బయటపడేది ఒక్కటీ లేదు. అందుకని ప్రతి రెండు ప్రశ్నల జవాబులూ అన్ని విధాలా కనీసం ఒక్కసారైనా కలిసి వచ్చేలా చూసుకుంటే, తక్కువ పరీక్షలతోనే చాలా దోషాలు పట్టుబడతాయి.

ఇక్కడ కొందరికి ఒక దగ్గరదారి తోస్తుంది. ఇంత లెక్క ఎందుకు, చివర్లో 'మిగతా అన్ని సందర్భాల్లో ఇంత' అని ఒక వాక్యం రాసేస్తే పోలేదా అని. పోతుంది. పట్టిక నిండిపోతుంది, ఏ సాధనమూ ఖాళీ చూపించదు. కానీ ఆ మిగతాలో ఎవరెవరున్నారో రాసినవాడికీ తెలియదు. తెలిసి రాసిన మిగతా వేరు, తెలియక రాసిన మిగతా వేరు. ఆ వాక్యం రాయక తప్పకపోతే దాని ఎదురుగా ఒక అంకె కాకుండా ఒక మనిషిని పెట్టండి. 'మిగతా సందర్భాల్లో మేనేజరును అడగాలి' అనండి. నెలకు ఎన్ని కేసులు అలా వస్తున్నాయో ఒక పుస్తకంలో రాయించండి. ఒకే రకం కేసు పదేపదే వస్తుంటే దానికి సొంత వరుస ఇవ్వాల్సిన వేళ అయిందన్నమాట.

ఇప్పుడు గడులు లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ సాధనాలున్నాయి. నిబంధనలు పట్టికలో ఎక్కిస్తే ఎక్కడ ఖాళీ ఉందో, ఎక్కడ రెండు వరుసలు ఢీకొంటున్నాయో అవే చూపిస్తాయి. కానీ ఆ ఖాళీలో ఏం రాయాలో అవి చెప్పలేవు. మామూలు ఖాతాదారు దగ్గర ఎంత తీసుకోవాలన్నది తర్కం తేల్చే విషయం కాదు, యజమాని తేల్చాల్సిన విషయం. ఆ నిర్ణయం ఆయన తీసుకోకపోతే ఆయన కింద పనిచేసే అందరికంటే చిన్న ఉద్యోగి నెత్తిన పడుతుంది. రేపు గొడవైతే మాట పడేది కూడా ఆ ఉద్యోగే.

అందుకే మీరు సొసైటీకి నిబంధనలు రాసినా, అపార్ట్‌మెంటు సంఘానికి రాసినా, ఆఫీసులో సెలవుల సర్క్యులర్ రాసినా, సంతకం పెట్టే ముందు ఒక పని చేయండి. అందులో ఉన్న ప్రశ్నలు విడదీసి, మొదటి వరుసలో అన్నీ అవును, చివరి వరుసలో అన్నీ కాదు వచ్చేలా పట్టిక గీయండి. గీశాక పై నుంచి కాదు, అడుగు నుంచి చదవడం మొదలుపెట్టండి. ఏ ప్రత్యేకతా లేని మనిషి ఉండేది ఆ చివరి వరుసలోనే. ముందు అతనికి జవాబు రాయండి. మినహాయింపుల సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.